పంపు ఎరుగని నాలుగు సంగతులు

ఉత్తర ఐర్లండునకు ముఖ్యపట్టణమైన బెల్‌ఫాస్ట్‌లో, 1903వ సంవత్సరమున ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి ప్రారంభించిన రాయల్ విక్టోరియా ఆసుపత్రియు, ఒకప్పటి దరిద్రశాలను ఆశ్రయించి పెరిగిన సిటీ ఆసుపత్రియు, క్రమ్లిన్ రోడ్డునందలి మేటర్ ఆసుపత్రియు, ఎముకల శస్త్రచికిత్సకు పేరొందిన మస్‌గ్రేవ్ పార్కు ఆసుపత్రియు 2007 నుండి ఒకే ట్రస్టు పాలనలో నడచుచున్నవి. పెద్ద శస్త్రచికిత్స జరిగిన రోగిని వార్డునకు తెచ్చునప్పుడు మంచము ప్రక్కనున్న కడ్డీకి ఒక చిన్న పంపు బిగింపబడి యుండుటయు, తాళము వేసిన మూత వెనుక మార్ఫిన్ నింపిన సిరంజి కనబడుటయు, రోగి గుప్పిటిలో ఒక బటన్ ఉండుటయు ఇట్టి ఆసుపత్రులలో నేడు సామాన్యదృశ్యము. నొప్పి కలిగినప్పుడు రోగి బటన్ నొక్కును. పంపు ఒక స్వల్పమోతాదును సిరలోనికి పంపును. దీనినే, రోగి స్వయముగా నడుపుకొను వేదనానివారణ అను అర్థమున, నర్సులు పీసీఏ అని పిలుతురు.

ఈ యంత్రమును నర్సులు నిరపాయముగా నడుపుటకు ఏమేమి కావలెను, ఏ నియమము ఏ అనుభవమునుండి పుట్టినది, వానిలో ప్రమాణబలము గలవి ఏవి, అలవాటు బలముచేత మాత్రమే సాగుచున్నవి ఏవి అనునది ఇచ్చట విచారింపదలచిన విషయము. సామాన్యమైన పంపు తనకు చెప్పిన సంఖ్యను పొల్లుపోకుండ పాటించును. కాని సిరంజిలోని మందు ఏదో, దాని గాఢత ఎంతో అది ఎరుగదు. బటన్ నొక్కిన చేయి ఎవరిదో ఎరుగదు. తన గొట్టపు కొన దేహమున ఎచ్చట ముగిసినదో ఎరుగదు. మంచముపై పడుకొన్న మనిషి ఊపిరి ఎట్లాడుచున్నదో ఎరుగదు. పంపును గూర్చి ఆసుపత్రులలో ఏర్పడిన నియమములు, అవి ఎంత చిన్నవిగా కనబడినను, ఈ నాలుగింటిలో ఏదో ఒక లోపమును నర్సు బుద్ధిచేతను, కంటిచేతను పూరించుటకు ఏర్పడినవే. ఆ దృష్టితో చూచినప్పుడే వాని అర్థము బోధపడును. ఏది విడిచిన ఏ అపాయము కలుగునో తెలియును.

నర్సు చేతినుండి యంత్రమునకు

పంపు రాకమునుపు శస్త్రచికిత్సానంతర వేదనకు దొరకు ఉపశమనము కండరములోనికిచ్చు సూదిమందు. నాలుగు గంటలకొకసారి, అదియు అవసరమైనచో మాత్రమే అని వైద్యుడు వ్రాసిన ఆజ్ఞను అనుసరించి, రోగి పిలువగా నర్సు వచ్చి, సాక్షిగా మరియొక నర్సును వెదకి తెచ్చి, మందుల అలమర తాళము తీసి, పుస్తకములో ఇద్దరును సంతకములు చేసి, మందును సిరంజిలోనికి తీసి పొడుచునప్పటికే చాల సేపు గడచుచుండెను. ఆ మందు కండరమునుండి రక్తమునకు చేరుటకు ఇంకను సమయము పట్టుచుండెను. ఆపైన మందు ఒక్కమారుగా హెచ్చి నిద్రయు, మరల తగ్గి వేదనయు కలుగుచుండగా, రోగి ఈ రెంటినడుమ దినములు గడపుచుండెను.

1968లో ఫిలిప్ సెక్సర్ అను అమెరికను వైద్యుడు రోగి కోరినప్పుడెల్ల నర్సుచేత స్వల్పమోతాదులను సిరలోనికి ఇప్పించి ఫలితమును పరిశీలించెను. 1971లో అదే పనిని యంత్రముచేత చేయించెను. అనగా మొట్టమొదటి పంపు నర్సే. యంత్రము ఆమె చేతికి ప్రతినిధిగా వచ్చినదే గాని, ఆమె కంటికి ప్రతినిధిగా రాలేదు. 1976లో వేల్సుదేశపు కార్డిఫ్‌లో రూపొందిన కార్డిఫ్ పాలియేటర్ అంగడికి వచ్చిన మొదటి పీసీఏ పంపు. 1990లో ఇంగ్లండు శస్త్రవైద్యుల రాయల్ కాలేజియు, మత్తువైద్యుల కాలేజియు కలసి వెలువరించిన నివేదిక, శస్త్రచికిత్స జరిగిన వారికి అందుచున్న వేదనానివారణ మిక్కిలి కొరతగా ఉన్నదని నిస్సంకోచముగా చెప్పి, పెద్ద ఆసుపత్రులలో దీనికై ప్రత్యేక బృందములు ఉండవలెనని కోరెను. పంపులు బ్రిటనులోని వార్డులయందు విరివిగా వ్యాపించినది ఆ తరువాతనే.

ఇంతకును ఈ పద్ధతి నిజముగా మేలైనదా? 2015లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ఇచ్చిన సమాధానము మితమైనది. పంపు గలవారికి వేదన కొంత తక్కువ, తృప్తి ఎక్కువ. వారు వాడు మందు కొంచెము ఎక్కువ, దురద బాధయు ఎక్కువ. కనుక పంపు మహాద్భుతము కాదు. రోగికి తన వేదనపై తనకే కొంత అధికారమిచ్చుటయే దాని ఘనత. ఆ అధికారము అపాయమునకు దారి తీయకుండ చూచుటయే నర్సు పని.

పెద్దవారికి సాధారణముగా వ్రాయు ఆజ్ఞ ఇట్లుండును: మిల్లీలీటరునకు 1 మిల్లీగ్రాము గాఢత గల మార్ఫిన్, నొక్కినప్పుడు 1 మిల్లీగ్రాము బోలస్, ఆ తరువాత 5 నిమిషముల లాకౌట్. లాకౌట్ ముగియువరకు ఎన్నిమార్లు నొక్కినను మందు రాదు. కాని నొక్కినట్లు పంపు లెక్క వ్రాసికొనును. ఈ లెక్కను చదువుట నర్సులు నేర్వవలసిన విద్య. నొక్కినవి నలుబది, అందినవి పది అయినచో మోతాదు చాలలేదనియో, రోగికి బటన్ సంగతి సరిగా బోధపడలేదనియో, గాయమున క్రొత్త ఉపద్రవమేదో పుట్టినదనియో అనుమానింపవలెను. నొక్కుట పూర్తిగా మానినచో వేదన తగ్గినదో, మనిషియే మత్తులో మునిగినాడో లేపి చూడవలెను.

మొదటి సంగతి: సిరంజిలో ఏమున్నది?

పంపు కరణమువంటిది, చెప్పిన లెక్క వ్రాయునుగాని పొలమును పోయి చూడదు. సిరంజిలో మిల్లీలీటరునకు 5 మిల్లీగ్రాముల మందు నింపి, 1 మిల్లీగ్రామే ఉన్నదని పంపునకు చెప్పినచో, తెరపై 1 అని చూపుచునే అది ప్రతి నొక్కునకు 5 మిల్లీగ్రాములు పంపును. తెరపై తప్పు కనబడదు, అలారము మ్రోగదు. ఇట్టి గాఢతా ప్రమాదముచే సంభవించిన ఒక బాలింత మరణమును టొరాంటోకు చెందిన కిమ్ విసెంటె మొదలగువారు 2003లో ప్రచురించి, యంత్రపు అమరికయే నర్సును పొరపాటునకు నెట్టునట్లున్నదని వాదించిరి. ఈ వాదము ఆ కాలమున ఎంతయో అవసరమైనది. ఏలయనగా అంతవరకు ప్రతి ప్రమాదమునకును చివరిసారి బటన్లు తాకిన నర్సునే దోషిగా నిలుపుట పరిపాటి.

అంతిమదశ రోగుల సేవలో బ్రిటనుదేశమున బహుకాలము వాడుకలో ఉన్న గ్రేస్‌బీ సిరంజి డ్రైవర్లు ఇందుకు మరియొక సాక్ష్యము. ఎంఎస్ 16ఏ అను నీలిరంగు యంత్రము గంటకు ఇన్ని మిల్లీమీటర్ల చొప్పునను, ఎంఎస్ 26 అను పచ్చరంగు యంత్రము 24 గంటలకు ఇన్ని మిల్లీమీటర్ల చొప్పునను సిరంజిని త్రోయుచుండెను. ఆకారము ఇంచుమించు ఒక్కటే. 48 అను సంఖ్య పచ్చదానిలో ఒక దినపు మందు. నీలిదానిలో ఒక గంటలో ముగియు మందు. ఇరువదినాలుగింతల ఈ అంతరమును చేయిజారనీయక కాపాడినది కేవలము నర్సు జ్ఞాపకశక్తి. ఆ జ్ఞాపకశక్తి తప్పినచోట ప్రాణములు పోయినవి. 2010 డిసెంబరులో ఇంగ్లండు, వేల్సుల రోగిభద్రతా సంస్థ ఈ మిల్లీమీటరు యంత్రములను ఐదేండ్లలో తొలగింపవలెననియు, గంటకు మిల్లీలీటర్లలో నడచునవియు, తాళము గలవియు, సిరంజి సరిగా కుదరనిచో ఆగునవియు, తమ చరిత్రను తాము వ్రాసికొనునవియు అగు పంపులనే కొనవలెననియు హెచ్చరించెను. అంతకు నాలుగేండ్ల క్రిందటనే, 2006లో, అదే సంస్థ అధికశక్తి గల మార్ఫిన్, డయామార్ఫిన్ ఆంప్యూలులను తక్కువశక్తి గలవానికి దూరముగా ఉంచుమని ఆదేశించియుండెను.

2006లోనే కెనడాలోని ఎడ్మంటన్‌లో ఒక క్యాన్సరు మందు నాలుగు దినములలో పోవలసినది నాలుగు గంటలలో పోయినది. గంటకు 1.2 మిల్లీలీటర్లని పెట్టవలసిన చోట, ఇరువదినాలుగు గంటల సంఖ్యయైన 28.8 పెట్టబడెను; మరియొక నర్సు సరిచూచినను ఆ తప్పు బయటపడలేదు. ఇచ్చటనే ఇద్దరు నర్సుల తనిఖీని గూర్చిన చర్చ ప్రారంభమగును. ఉత్తర ఐర్లండులో మార్ఫిన్ వంటి మందులు 2002 నాటి నిబంధనలకు లోబడియుండుటచే అలమర, రిజిస్టరు, సాక్షి సంతకము వార్డు జీవనములో భాగమైపోయినవి. కాని ఇట్టి డబుల్ చెక్ నిజముగా పొరపాట్లను తగ్గించునా అని పరిశీలించిన ఒక సమీక్ష, 2020లో, నిశ్చయముగా చెప్పుటకు చాలినంత ప్రమాణము లేదని తేల్చెను. కారణము ఊహింపదగినదే. మొదటి నర్సు సంఖ్యను బిగ్గరగా చెప్పగా రెండవ నర్సు తల ఊపినచో ఇద్దరును కలసి ఒకే తప్పు చేయుదురు. రెండవ ఆమె మొదటి ఆమె లెక్కను వినక, తానే స్వయముగా ఆజ్ఞాపత్రమును, సిరంజి చీటీని, పంపు తెరను, రోగి మణికట్టు పట్టీని వరుసగా చదివి, తాను కట్టిన లెక్కను ముందు తాను చెప్పినచో, అది తనిఖీ. మందు గాఢత ఆసుపత్రియంతట ఒక్కటే యుండి, సిరంజిని వార్డులో కలుపక ఫార్మసీనుండియే నింపి తెచ్చినచో, తప్పునకు చోటే తగ్గును. ఇది తనిఖీకంటెను మేలు.

ఈ సందర్భమున అంతరాయముల మాట విస్మరింపరాదు. 2010లో సిడ్నీనగరపు రెండు ఆసుపత్రులనుండి వెలువడిన వెస్ట్‌బ్రూక్ బృందపు అధ్యయనము, మందిచ్చు నర్సును ఒక్కొక్కమారు ఆటంకపరచినకొలది పొరపాట్లు సుమారు 12 శాతము చొప్పున హెచ్చినవని చూపెను. పంపు అమర్చుచున్న నర్సును పలుకరింపకుండుట మర్యాద మాత్రమే కాదు, చికిత్సలో భాగము.

రెండవ సంగతి: నొక్కిన చేయి ఎవరిది?

పీసీఏ అంతయు ఒక్క సూత్రముపై నిలిచియున్నది. మందు ఎక్కువైనచో రోగికి నిద్రమత్తు వచ్చును. మత్తు వచ్చిన చేయి బటన్ నొక్కదు. నొక్కనందున మందు ఆగును. ఆగినందున ఊపిరి సాగును. ఈ గొలుసులో రోగి చేతికి బదులు మరియొకరి చేయి దూరిన క్షణముననే రక్షణ అంతరించును. అమెరికాలోని జాయింట్ కమిషన్ 2004 డిసెంబరులో దీనిని గూర్చియే దేశవ్యాప్తముగా హెచ్చరిక వెలువరించెను. నొక్కినవారు శత్రువులు కారు. ప్రేమగల తల్లులు, భర్తలు, కుమార్తెలు, ఒక్కొక్కచో జాలిపడిన సిబ్బంది.

మన తెలుగువారి కుటుంబములలో ఈ అపాయము అధికమని చెప్పక తప్పదు. శస్త్రచికిత్స జరిగిన మనిషిని ఒంటరిగా విడుచుట మనకు పాపముతో సమానము. రాత్రివేళ మంచము ప్రక్క కూర్చున్న అత్తగారు, “పాపం, నిద్రలోనే మూలుగుతున్నాడు, ఒక్కసారి నొక్కమ్మా” అని కోడలిని అడుగుట ఎంత సహజము! బెల్‌ఫాస్ట్‌లోనైనను హైదరాబాదులోనైనను, పంపు పెట్టిన నర్సు రోగికి చెప్పునదంతయు ప్రక్కనున్న బంధువులకును వారి భాషలోనే చెప్పవలెను. నిద్రలోని మూలుగు మందు చాలలేదనుటకు గుర్తు కానక్కరలేదు. గురకయు, బరువైన శ్వాసయు మందు ఎక్కువైనదనుటకు గుర్తులు కావచ్చును. పసిపిల్లలకును, చేతులు వశములో లేనివారికిని నర్సే బటన్ నొక్కు పద్ధతి వేరుగా కలదు. దానికి దీర్ఘమైన లాకౌట్, మరింత దగ్గరి కావలి, శిక్షణ పొందిన నర్సు అవసరము. అది వైద్యుని ఆజ్ఞతో జరుగునది. బంధువుల జాలితో జరుగునది కాదు.

పంపే తనంతట తాను ఎడతెగక మందు పంపునట్లు నిరంతరప్రవాహమును చేర్చుటయు ఈ కోవకే చెందును. రోగి నిద్రించినను ఆ మందు ఆగదు. కనుక ఇంతకుముందు మార్ఫిన్ అలవాటు లేని పెద్దవారికి దానిని సామాన్యముగా పెట్టరు.

మూడవ సంగతి: గొట్టము ఎచ్చట ముగిసినది?

2004లో ఇంగ్లండులోని స్విండన్ నగరమున, ప్రసవించిన ఒక తల్లి, వెన్నుపూసల నడుమకు పోవలసిన బుపివకైన్ అను మందు సంచి పొరపాటున సిరకు తగిలింపబడుటచే మరణించెను. సిరలోనికి పోవు లవణజలపు సంచియు, ఆ మందు సంచియు చూపునకు ఒకే విధముగా ఉండుటయు, ఒకే విధమైన కొనలతో ఏ గొట్టమునకైనను అమరుటయు అప్పటి దురవస్థ. 2007 మార్చిలో వచ్చిన ఆదేశమును బట్టి వెన్నుమందులను వేరుగా దాచుటయు, గొట్టములపై స్పష్టముగా చీటీలు అంటించుటయు, ప్రత్యేకమైన పంపులను వాడుటయు ఏర్పడినవి. తరువాత ఎన్ఆర్‌ఫిట్ అను క్రొత్తరకపు కొనలు వచ్చి, వెన్నుగొట్టము సిరగొట్టమునకు అసలే అమరకుండునట్లు చేసినవి. మనిషి జాగ్రత్తపై మాత్రమే ఆధారపడక, తప్పు చేయుటయే అసాధ్యమగునట్లు వస్తువును మార్చుట అన్ని సంస్కరణలలోను ఉత్తమమైనది.

అయినను నర్సు చేయవలసిన పని మిగిలియే యున్నది. పంపునుండి గొట్టమును వ్రేళ్లతో తడవుచు రోగి దేహమువరకు వెళ్లి చూడవలెను. లవణజలముతో కలియు చోట వెనుకకు పోనీయని కవాటము ఉన్నదో లేదో చూడవలెను. లేనిచో సిరలోనుంచిన చిన్నగొట్టమైన కాన్యులా మూసికొనినప్పుడు మార్ఫిన్ లవణజలపు గొట్టములోనికి ఎగబ్రాకి, దారి తెరచికొనినప్పుడు ఒక్కమారుగా దేహములోనికి దూకును. సిరంజి తన గాడిలో బిగియక పంపు రోగికంటె ఎత్తుగా నుండినచో, మందు తన బరువుచేతనే జారిపోవును. దీనిని ఆపు కవాటము వేరు. పంపును గుండె ఎత్తున ఉంచుమని పాతనర్సులు చెప్పుట ఇందువలననే.

నాలుగవ సంగతి: ఊపిరి ఎట్లున్నది?

నాలుగింటిలో ప్రధానమైనది ఇదియే. మొదటి మూడింటిలో తప్పినను, నాలుగవదానిని కనిపెట్టిన నర్సు రోగిని బ్రదికింపగలదు. మార్ఫిన్ మితిమీరినప్పుడు మొదట కనబడునది శ్వాస తగ్గుట కాదు, నిద్రమత్తు పెరుగుట. పలుకరించిన కన్ను తెరచి మాట నడుమనే మరల నిద్రలోనికి జారు మనిషి, నిమిషమునకు పండ్రెండుమార్లు ఊపిరి తీయుచున్నను, అపాయపుటంచున ఉన్నాడు. అందుచే వేదన ఎంత, వాంతిభావము ఎంత, శ్వాస ఎంత అని వ్రాయుటతోపాటు నిద్రమత్తునకు వేరుగా ఒక అంకె వ్రాయుట అత్యవసరము. శ్వాసను గడియారము చూచుచు నిండు నిమిషము లెక్కింపవలెను. తొంగి చూచి పదహారని వ్రాయుట వ్రాతయే గాని పరీక్ష కాదు.

వ్రేలికి తగిలించు ఆక్సిజను పరీక్షాయంత్రమును పూర్తిగా నమ్మరాదు. ముక్కునకు ఆక్సిజను పెట్టినవానికి శ్వాస మందగించినను ఆ యంత్రమున సంఖ్య చాలసేపు చక్కగానే కనబడుచుండును. ఈలోపల బొగ్గుపులుసు వాయువు రక్తమున పెరుగుచుండును. బ్రిటనులో 2012లో రూపొంది, 2017లో సవరింపబడిన, రోగి స్థితి దిగజారుటను అంకెలతో పసిగట్టు న్యూస్ పట్టిక నిమిషమునకు ఎనిమిది లేక అంతకు తక్కువైన శ్వాసకు గరిష్ఠాంకమైన మూడు ఇచ్చును, మంచిదే. కాని అది తేలికపాటి నిద్రమత్తును వేరుగా గణింపదు గనుక పీసీఏ రోగికి ఆ పట్టిక ఒక్కటియే చాలదు. అపాయము కనబడినప్పుడు క్రమము ఇది: పంపును ఆపుట, రోగిని లేపి ఊపిరి తీయించుట, ఆక్సిజను ఇచ్చుట, సహాయమును పిలుచుట, మార్ఫినునకు విరుగుడైన నలోక్సోన్ కొలది కొలదిగా ఇచ్చుట. నలోక్సోన్ ప్రభావము మార్ఫిన్ ప్రభావముకంటె ముందుగా తీరిపోవును గనుక, మేలుకొన్న రోగిని చూచి నర్సు వెడలిపోరాదు.

మూత్రపిండములు చెడినవారి విషయము ప్రత్యేకము. మార్ఫిన్ దేహమున మారి ఏర్పడు పదార్థమొకటి మూత్రముద్వారా పోవలసినది. పోనిచో పేరుకొని, మోతాదు సరిగానే యున్నను గంటల తరువాత మత్తు కలిగించును. ఉత్తర ఐర్లండు అంతటికిని మూత్రపిండ మార్పిడి కేంద్రమైన బెల్‌ఫాస్ట్ సిటీ ఆసుపత్రివంటి చోట్ల ఇది నిత్యజ్ఞానము కావలెను. అట్టివారికి ఫెంటనిల్ వంటి మందులు మేలు. స్థూలకాయులు, నిద్రలో ఊపిరి ఆగువారు, వృద్ధులు, నిద్రమాత్రలు కూడ వేసికొనువారు ఇదే జాగ్రత్తకు పాత్రులు.

డన్‌డొనాల్డ్ పాఠము

ఈ నాలుగు సంగతులును ఒక్కచోట పరీక్షకు వచ్చిన ఉదాహరణ బెల్‌ఫాస్ట్ ప్రాంతమునందే కలదు. నగరపు తూర్పుటంచున డన్‌డొనాల్డ్‌లోని అల్స్టర్ ఆసుపత్రి, ప్రసవవేదనకు రెమిఫెంటనిల్ పీసీఏను మొట్టమొదట ఆదరించిన చోట్లలో ఒకటి. బ్లెయిర్, హిల్, ఫీ అను ఉత్తర ఐర్లండు వైద్యులు 2001లో దీనిని గూర్చి తమ పరిశోధనను ప్రకటించిరి. రెమిఫెంటనిల్ నిమిషములలో పనిచేసి నిమిషములలో కరగిపోవు మందు. వచ్చి పోవు ప్రసవవేదనకు అనుగుణమైనది. 40 మైక్రోగ్రాముల బోలస్, 2 నిమిషముల లాకౌట్ అను పద్ధతి తరువాత విరివిగా వ్యాపించెను. 2018లో ప్రచురితమైన రెస్పైట్ పరీక్షలో, బ్రిటనులోని పదునాలుగు ప్రసూతికేంద్రములందు సుమారు నాలుగువందలమంది స్త్రీలను పరిశీలింపగా, పెథిడిన్ సూది పొందినవారిలో 41 శాతమును, రెమిఫెంటనిల్ పంపు పొందినవారిలో 19 శాతమును పిమ్మట వెన్నుసూదిని కోరిరి.

కాని ఈ మందు శక్తి ఎంతటిదనగా, శ్వాస ఆగిన ఉదంతములును వైద్యపత్రికలకు ఎక్కినవి. అందుచే నియమములు కఠినములు: ఆ మందునకు ప్రత్యేకమైన కాన్యులా, ఆ గొట్టమున మరియే మందును ఇయ్యకుండుట, గదిని విడువని ఒక మిడ్‌వైఫ్, ఎడతెగని ఆక్సిజను పరిశీలన, బటన్ తల్లి చేతిలోనే ఉండుట. ప్రమాదకరమైన మందు సురక్షితమైనది దాని గుణమువలన గాదు. ఒక తల్లికి ఒక మిడ్‌వైఫ్ చొప్పున కావలి ఏర్పరచుటవలన. ఈ కావలి లేనిచోట ఆ మందునే వాడరాదని అనుభవజ్ఞులు చెప్పుట మిక్కిలి ఉచితము. ఈ విషయములో డన్‌డొనాల్డ్ మనకు నేర్పునది ఒక మోతాదును కాదు, ఒక నిష్పత్తిని.

తెలివిగల పంపులు, తీరిక లేని నర్సులు

మందుల పట్టికను తనలో దాచుకొని, హద్దు దాటిన సంఖ్యను పెట్టినచో వారించు స్మార్టు పంపులు ఇప్పుడు వచ్చినవి. ఇవి అవసరమే. అయితే వీనిచేత సమస్య తీరినదనుట తొందరపాటు. ఇంగ్లండులోని పదునారు ఆసుపత్రులలో 2008 ఇన్ఫ్యూజన్లను ప్రత్యక్షముగా పరిశీలించి 2018లో ప్రకటింపబడిన ఎక్లిప్స్ అధ్యయనమున, 11.5 శాతము వానిలో ఏదో ఒక పొరపాటును, సగమునకు పైగా వానిలో విధానమునుండి ఏదో ఒక తేడాయును కనబడినవి. హానికరము కాగల పొరపాట్లు 1.1 శాతము మాత్రమే. స్మార్టు పంపులున్న చోటను లేని చోటను గొప్ప వ్యత్యాసము కనబడలేదు. నర్సులు కాగితమునుండి తప్పుకొన్న సందర్భములలో కొన్ని రోగి మేలుకొరకు చేసిన సవరణలే అనియు ఆ పరిశీలకులు గుర్తించిరి. 2020 డిసెంబరులో ఇంగ్లండు ఆరోగ్యభద్రతా విచారణసంస్థ, ఇట్టి పంపులు కొనుట సులభమనియు, మందుల పట్టికను కూర్చి నిలుపుటయు వాడుకకు తెచ్చుటయు కష్టమనియు తెలిపెను. బెల్‌ఫాస్ట్ ట్రస్టు 2024 జూనులో ఎన్‌కంపస్ అను ఎలక్ట్రానిక్ రికార్డు పద్ధతిలోనికి మారినది. ఆజ్ఞ చేతివ్రాతనుండి విముక్తమగుట గొప్ప లాభము, కాని తెరలోని ఆజ్ఞకును మంచముపై మనిషికిని నడుమ నర్సు అవసరము తగ్గలేదు.

2019 డిసెంబరు 18న నర్సుల సంఘమైన రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ తన నూటమూడేండ్ల చరిత్రలో మొదటిసారిగా సమ్మె చేసినది ఉత్తర ఐర్లండులోనే. కోరికలు రెండు: న్యాయమైన వేతనము, వార్డులో చాలినంతమంది నర్సులు. రెండవ కోరికకును పంపునకును సంబంధమేమని అడుగువారికి సమాధానము పైన చెప్పినదంతయు. నిండు నిమిషము శ్వాసను లెక్కించుటకు నిమిషము కావలెను; స్వతంత్రమైన తనిఖీకి రెండవ నర్సు కావలెను; మత్తులోనికి జారిన రోగిని గుర్తించుటకు పదే పదే అతనిని చూచు కన్ను కావలెను. వీనిలో ఏదియు యంత్రముతో కొనదగినది కాదు.

చూచిన కన్నునకు మాట్లాడు ధైర్యమును కావలెను. ఇంగ్లండు దక్షిణతీరపు గోస్‌పోర్టు వార్ మెమోరియల్ ఆసుపత్రిలో 1989 నుండి 2000 వరకు, వైద్యకారణము లేకుండ ఇచ్చిన ఓపియాయిడ్, అనగా మార్ఫిన్ జాతి, మందులవలన నాలుగువందలయేబదిమందికి పైగా రోగుల ఆయువు తగ్గినదని 2018లో స్వతంత్ర విచారణ తేల్చెను. సిరంజి డ్రైవర్ల వాడుకను గూర్చి 1991లోనే కొందరు నర్సులు ఆందోళన తెలిపినను, వారి మాట అణచివేయబడెను. అదే 2018లో ఉత్తర ఐర్లండున, ఆసుపత్రులలో సిరద్రవములను ఇచ్చుటలోని లోపములవలన జరిగిన పిల్లల మరణములను విచారించిన న్యాయమూర్తి జాన్ ఒహారా నివేదిక 96 సిఫారసులు చేసి, సత్యమును దాచకుండుటను చట్టబద్ధమైన విధిగా చేయవలెనని కోరెను. భారతదేశమునుండి, విశేషముగా కేరళనుండియు కొంతవరకు తెలుగునాటినుండియు పోయి బ్రిటనులో పనిచేయు నర్సులు ఈ పాఠమును గాఢముగా గ్రహింపవలెను. డాక్టరుగారు వ్రాసినారు గదా అని చేతులు ముడుచుకొనుట మన ఆసుపత్రులలో వినయముగా చెల్లును. అచ్చటి నర్సింగు నియమావళిలో అది విధిలోపము. ఆజ్ఞ సరికాదని తోచినప్పుడు మందును ఆపి అడుగువారే యోగ్యులైన నర్సులు.

మన కర్తవ్యము

తెలుగునాట ఈ సమస్య మరియొక రూపమున ఉన్నది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము కఠినమగుటచే మార్ఫిన్ దొరకుటయే దుర్లభమై, క్యాన్సరు రోగులు వేదనతోనే కన్నుమూసిన కాలము చాల గడచెను; 2014 సవరణ అత్యవసరమైన ఆరు మందులకు దారి సుగమము చేసినది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి వేదనాశమన సేవలో చేసిన కృషి శ్లాఘనీయము. మరియొకవంక పట్టణములలోని పెద్ద ఆసుపత్రులు పంపులను కొనుచున్నవి. మందు దొరకనిచోట భయము వీడవలెను; పంపు వచ్చినచోట భయభక్తులు అలవడవలెను. ఈ రెండును పరస్పరవిరుద్ధములు కావు.

ఆసుపత్రి యజమానులకు మా విన్నపము ఇది. పంపు కొనుటకుముందు ఒకే రకమును, ఒకే గాఢతను నిర్ణయింపుడు. పంపు నడుపు ప్రతి నర్సునకును శిక్షణ ఇచ్చి యోగ్యతను పరీక్షింపుడు. నలోక్సోన్ వార్డులోనే ఉంచుడు. రాత్రివేళ పీసీఏ రోగిని లేపి చూచుటకు చాలినంతమంది నర్సులను నియమింపుడు. అంతమందిని నియమింపలేనిచో ఆ వార్డున పంపు పెట్టకుడు. నర్సులారా, తెరను చూచుటకుముందు ముఖమును చూడుడు. మంచము ప్రక్క కూర్చున్న బంధువులారా, రోగి చేయి పట్టుకొనుడు, మాట్లాడుడు, నొప్పి తగ్గలేదని నర్సును పిలువుడు. బటన్ మాత్రము మీరు నొక్కకుడు.